బాపు ముట్టని చేపలు

మా ఇంట్లో చేపల పులుసు వండిన రోజు బాపు పచ్చిపులుసుతో తినేవాడు. పళ్ళెం పట్టుకుని దర్వాజ దగ్గరికి పోయి, మాకు వీపు పెట్టి, బయటికి చూస్తూ కూర్చునేవాడు. ఎందుకంత దూరం పోయావని అడిగితే "గీడ గాలి మంచిగొస్తది బిడ్డా" అనేవాడు. మా అమ్మను అవ్వ అనేవాళ్ళం. అవ్వ నవ్వేది. సన్నాసుల్లో కలిసిపోయాడు మీ బాపు, రేపో మాపో కమండలం పట్టుకుని అడవి పడతాడు అని ఆయనకు వినపడేలాగే నాతో చెప్పేది. ఆయన తినడం కాగానే చెయ్యి కడుక్కుని పడవ దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

పుట్టినప్పటి నుంచి చేపలు తినని మనిషైతే ఈ సంగతి నేనివాళ రాయను. వాగు మీద ప్రాజెక్టు రాకముందు మా ఊళ్ళో బాపును మించిన చేపల పిచ్చివాడు లేడు. వానలు వెనకబట్టి వాగు తేటపడగానే మోకాలి లోతు నీళ్ళలో దిగి, బండల కింద చెయ్యి పెట్టి, కొర్రమట్టను మెడ పట్టి బయటికి లాగేవాడు. తినేటప్పుడు ఎవరైనా మాట్లాడిస్తే కసిరేవాడు. తలకాయ ఆయన పళ్ళెంలోనే పడాలి. ముల్లు కూడా ఊరికే పారేసేవాడు కాదు, చీకి చీకి పక్కన పెట్టేవాడు. అలాంటి మనిషి, ప్రాజెక్టు నిండి ఇంటింటా చేపలే చేపలైన రోజుల్లో వాటిని ముట్టడం మానేశాడు. పొద్దంతా పడవ మీద ఆ వాసనే పీల్చి ముక్కు మొత్తిందని చెప్పాడు. మేం నమ్మాం. నమ్మక ఏం చేస్తాం, ఒక మనిషి చేపలు తినకపోవడం కూపీ లాగాల్సిన విషయం కాదు కదా.

మా పాత ఊరు ఖానాపూర్‌కు బండి మీద పూట ప్రయాణం. ఒక పక్క వాగు, మిగతా పక్కలన్నీ అడవి. ఆ ఊరి పేరు రాయను. పటంలో ఆ పేరు ఉండాల్సిన చోట ఇప్పుడు నీలిరంగు పూశారు, రాసి ఏం లాభం. జొన్నలూ నువ్వులూ పండే మా చెలక వాగు ఒడ్డు మీదే ఉండేది. చెలక చివర పెద్ద ఇప్పచెట్టు. ఎండాకాలం మొదట్లో పూలు రాలితే, మేం ఏరుకునేలోపలే గుడ్డేలుగులు వచ్చి తిని పోయేవి. అందుకని అవ్వ ఇత్తడి పళ్ళేన్ని గరిటెతో మోగిస్తూ ముందు నడిచేది, గంప పట్టుకుని నేను వెనక. పొద్దుగూకే వేళ దుప్పులు గుంపుగా వాగుకు దిగేవి. వాటిని చూడటానికి ఎక్కడినుంచీ ఎవరూ వచ్చేవారు కాదు. అవి చూడదగ్గవని మాకూ తెలియదు. చేను మేస్తాయని తిట్టుకునేవాళ్ళం, అంతే.

నా తర్వాత అవ్వకు చాలా ఏళ్ళు కడుపు పండలేదు. మొక్కని దేవుడు లేడు. చివరికి తమ్ముడు పుట్టాడు. అవ్వ పుట్టిల్లు బోథ్ వైపు, అక్కడి మాటల్లో మరాఠీ కలుస్తుంది. వాణ్ణి పేరు పెట్టి పిలవకుండా పసివాడా అన్నట్టుగా "బాళ్యా" అనేది. మేమంతా అదే అన్నాం. గోడ పట్టుకుని అడుగులు వేసే రోజుల్లో, నడి వానాకాలంలో, వాడికి జ్వరం వచ్చింది. దవాఖాన ఖానాపూర్‌లో ఉంది, నడుమ వాగు నిండుగా పారుతోంది. బాపు వాణ్ణి భుజానికెత్తుకుని పదే పదే ఒడ్డుకు పోయాడు. ఛాతీ లోతు దాకా దిగి, కాళ్ళు తేలిపోతుంటే వెనక్కి వచ్చేవాడు. వాగు తగ్గేలోపలే బాళ్యా పోయాడు.

మాలో పసిపిల్లలను కాల్చరు, పూడుస్తారు. ఆడవాళ్ళు వెంట పోకూడదు. తండ్రే ఎత్తుకుపోవాలి, తండ్రే మన్ను కప్పాలి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి రావాలి. కప్పిన చెయ్యి మళ్ళీ ఆ మన్నును ముట్టకూడదు, ముడితే పడుకున్న బిడ్డ లేచి ఏడుస్తాడని పెద్దవాళ్ళ మాట. బాపు వాణ్ణి చెలకలో ఇప్పచెట్టు కింద పెట్టి వచ్చాడు. తడిసిన పంచెతోనే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

అవ్వకు నక్కల భయం పట్టుకుంది. కొన్నాళ్ళకు, ఎవరినీ అడగకుండా, మేం జొన్నలు విసురుకునే ఇసుర్రాయి పైరాయిని ఊడదీసి తల మీద పెట్టుకుని చెలకకు నడిచింది. నేను వెంట పోయాను. ఆ గుండ్రటి రాయిని వాడి మీద మూతలా పెట్టింది. వాగులోంచి తెల్లటి పలుగురాళ్ళు కొంగు నిండా ఏరుకొచ్చి, పైరాయి చుట్టూ ఒకదానికొకటి ఆనించి, వేలు దూరే సందు లేకుండా పేర్చింది. పేర్చినంతసేపూ ఏడవలేదు. ఏదైనా రాయి సరిగ్గా కూర్చోకపోతే తీసి, తిప్పి, మళ్ళీ పెట్టేది. అప్పటినుంచి మా ఇసుర్రాయికి కిందిరాయి ఒక్కటే మిగిలింది. అవ్వ పక్కింటికి పోయి విసురుకొచ్చేది. కొత్తది తెస్తానని బాపు అంటే, వద్దు పో అనేది.

ఆ తర్వాత సర్కారు మనుషులు దిగారు. రాజు పోయి కొత్త సర్కారు వచ్చిన రోజులవి. జెండాలూ గొలుసులూ పట్టుకుని అడవంతా కొలిచి, నీళ్ళు ఎంతదాకా వస్తాయో అంతదాకా సున్నం పూసిన రాళ్ళు పాతించారు. ముసలివాళ్ళు నవ్వారు. వాగునే ఆపుతారట, ముందు తమ జీపును బురదలోంచి లాక్కోమనండి అన్నారు. ఆ జీపు నిజంగానే దిగబడితే మా ఎడ్లే లాగాయి. నవ్విన వాళ్ళు నవ్వుతుండగానే రెండు గుట్టల నడుమ కట్ట లేచింది. మా ఇల్లు సున్నపురాళ్ళకు దిగువన, మునిగే జాగాలో పడింది. చెలక ఇంకా కింద.

కట్టకు దగ్గర్లో ఎత్తు మీద కొత్తూరికి జాగా చూపించి, ఊరు ఖాళీ చేయమన్నారు. జనం దర్వాజలు ఊడదీసుకున్నారు, దూలాలు దింపుకున్నారు, పెంకులు బండ్లకెత్తారు. డప్పులు కొట్టుకుంటూ పోచమ్మను తరలించారు. మా ఇంట్లో మాత్రం చాట కూడా కదల్లేదు. బాళ్యా రాకుండా తాను కదలనని అవ్వ కూర్చుంది.

ఊళ్ళో ఇది పెద్ద మాటైంది. పూడ్చినవాణ్ణి లేపడం ఎక్కడైనా ఉందా అన్నారు. మంచికి చెప్పారు, కోపంగా చెప్పారు. అవ్వ ఒకే మాట మీద నిలబడింది.

"పోచమ్మ రాయిని తీస్కపోతుండ్రు గద. నా కొడుకు రాయికన్న తక్వనా?"

చివరికి నాకు నాయనమ్మ వరసయ్యే ఒక ముసలామె దారి చెప్పింది. కొత్త కుండ కావాలి, పసుపు బట్ట కావాలి. పొద్దు పొడవకముందు తండ్రి ఒక్కడే పోయి, తవ్వి, దొరికినంత కుండలో పెట్టుకుని రావాలి. దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు. పాపమేదైనా ఉంటే తాను మోస్తానని కూడా ఆ ముసలామె అంది. బాపు అక్కడే కూర్చుని అంతా విన్నాడు. పోతాననీ అనలేదు, పోననీ అనలేదు. అవ్వ అప్పటికే కుమ్మరింటి దారి పట్టింది.

మర్నాడు నేను లేచేసరికి బాపు పోయి ఉన్నాడు. అవ్వ గడపలో నిలబడి వాగు వైపే చూస్తోంది. పొద్దు పొడిచాక ఆయన వచ్చాడు. భుజం మీద కుండ, దాని మూతికి పసుపు బట్ట. చేతులు మోచేతుల దాకా మన్ను కొట్టుకుని ఉన్నాయి. కళ్ళు చూస్తే జ్వరం వచ్చిన మనిషిలా ఉన్నాడు. పైరాయి ఏమైందని అవ్వ అడిగింది. బరువుంది, పక్కకు దొర్లించి వచ్చానన్నాడు. అంతకుమించి అవ్వ ఏమీ అడగలేదు. బండి మీద దారి పొడుగునా ఆ కుండను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో చుట్టుకునేది. ఒకచోట నా వైపు తిరిగి, మెల్లగా, సంబరపడుతున్నట్టే చెప్పింది.

"బరువుగనే ఉన్నడు బిడ్డా."

బండి తోలుతున్న బాపు ఎద్దును ఊరికే ఒకటి కొట్టాడు. ఆయన ఎద్దును కొట్టడం నేనెప్పుడూ చూడలేదు.

కొత్తూరి అంచున మోదుగుచెట్టు కింద కుండను పూడ్చారు. అవ్వ దాని మీద చిన్న దిబ్బ చేసి, అలికి, చుట్టూ బంతి గింజలు చల్లింది. ఆ సంవత్సరం వానలకు గేట్లు దించారు. నీళ్ళు రోజూ కొంత కొంత మా పాత ఊరి మీదికి ఎక్కాయి. ఊరివాళ్ళంతా కట్ట మీద నిలబడి, అదిగో ఫలానా వాళ్ళ గోడ పడింది, అదిగో బావి నిండింది అని చెప్పుకుంటూ ఏడ్చారు. అవ్వ ఏడవలేదు. నాదంటూ అక్కడేం లేదు, నావాడు నాతోనే వచ్చాడు అంది. మిగతా ఆడవాళ్ళ కన్నా తనే అదృష్టవంతురాలినన్నట్టు వాళ్ళను ఓదార్చింది. బాపు వైపు చూపించి, ఈయన చేసిన పని ఏ మగాడూ చేయడని చెప్పేది. ఆయన తలెత్తేవాడు కాదు. సిగ్గనుకున్నాం.

వాగు ఆనుపానులు తెలిసిన మనిషని బాపుకు ప్రాజెక్టులో పడవ నడిపే పని ఇచ్చారు. ఎందుకంటే ఆ నీళ్ళను చూడటానికి జనం రావడం మొదలైంది. కట్ట పక్కన గెస్ట్‌హౌస్ లేచింది, దాని ముందు తోట, తోటలో సిమెంటు బల్లలు. ఆదివారం వస్తే నిర్మల్ నుంచి, ఇంకా దూరం నుంచి, జీపుల్లో లారీల్లో కుటుంబాలకు కుటుంబాలే దిగేవి. టిఫిన్ క్యారియర్లు, జంపఖానాలు, పాటలు పాడే రేడియోలు. ఇన్నాళ్ళూ మేం తిట్టుకున్న దుప్పులను వాళ్ళు ముద్దుచేసి చూసేవారు. బండ మీద నోరు తెరుచుకుని పడుకున్న మొసలిని చూసి కేకలు పెట్టేవారు. నీటికుక్కలు గుంపుగా ఈదుతూ చేపను నోట కరుచుకుని తేలితే చప్పట్లు కొట్టేవారు. ఎంత అందమైన చోటు, ఇక్కడే ఉండిపోవాలనిపిస్తుంది అనేవారు. ఉండిపోయిన వాళ్ళం మేం పక్కనే మక్కకంకులు కాల్చి అమ్ముకుంటూ వినేవాళ్ళం. నాకు ఒళ్ళు మండేది. ఒకసారి ఒక పట్నం ఆమె పడవలోంచి వంగి, ఈ కింద ఏముందని బాపును అడిగింది. నేనా రోజు పడవలోనే ఉన్నాను.

"నీళ్ళేనమ్మా" అన్నాడు బాపు.

మా చెలక మీది ఇప్పచెట్టు మాత్రం పూర్తిగా మునగలేదు. ఆకు రాలి, మాను ఎండి, కొమ్మలు నీళ్ళపైకి నిలబడి ఉండేవి. వాటి మీద నల్లటి నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకునేవి. దగ్గరికి తీసుకుపో, గూళ్ళు చూస్తామని వచ్చినవాళ్ళు బతిమాలేవారు. అటు మోళ్ళున్నాయి, పడవ అడుగు చీలుతుందని బాపు తెడ్డు తిప్పేసేవాడు. పెద్ద ఆఫీసరు అడిగినా అదే జవాబు. ఒకతను చిరాకుపడి, ఈ పడవవాడికి పొగరు అన్నాడట. ఆ మాట అవ్వకు చేరి రోజంతా ఆఫీసరు మీద దుమ్మెత్తిపోసింది.

సర్కారు వదిలిన చేపపిల్లలు మూరెడేసి బొచ్చె చేపలై ఎదిగాయి. వలలు వేసేవాళ్ళు బాపు మొహం చూసి మా ఇంటికి ఒకటో రెండో పంపేవారు. భూమి పోయిన మాకు ఆ చేపలే పంట. అవ్వ చింతపులుసు చిక్కగా పోసి, మెంతిపొడి చల్లి, మట్టి కంచుడులో వండేది. ఆ కంచుడు చేపలకే. మర్నాటికి ఇంకా రుచి వస్తుందని దాచి, పొద్దున చద్దన్నంలో నాకూ తనకూ వేసేది. బాళ్యా పోయాక ఎండిపోయిన మనిషి ఆ రోజుల్లోనే కాస్త ఒళ్ళు చేసింది. తిన్నాక బంతిచెట్లకు నీళ్ళు పోసి వచ్చేది. అవ్వను అంత నెమ్మదిగా నేను అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

అలా కొన్నేళ్ళు గడిచాయి. తర్వాత వరుసగా వానలు తప్పాయి. ప్రాజెక్టు అడుగంటింది. ఆ ఎండాకాలం మా పాత ఊరు బయటపడింది. మొదట గుట్టవార ఇళ్ళు, తర్వాత నడి వాడ, చివరికి వాగు ఒడ్డు. కొత్తూరికి కొత్తూరే జాతరకు పోయినట్టు కదిలింది. ఎవరి గడప రాయి వాళ్ళు వెతుక్కుని దాని మీద కాసేపు కూర్చుని వచ్చారు. మొండిగోడ మీద చెయ్యేసి, ఇదిగో మా పొయ్యి, ఇదిగో మా దీపపు గూడు అని పిల్లలకు చూపించారు. పట్నం వాళ్ళు కూడా వచ్చి మొండిగోడల ముందు ఫోటోలు దిగారు.

ఆ వేసవికే నా పెళ్ళి కుదిరింది. పెళ్ళి పసుపు పుట్టింటి ఇసుర్రాయిలోనే విసరాలని అవ్వకు పట్టు. కిందిరాయి ఉంది, పైరాయి చెలకలో ఉంది. ఇంకేం, పోయి తెచ్చుకుందాం అంది. కింద వాడు లేడు కదా, ఒట్టి రాయి, అక్కడెందుకు పడి ఉండాలి అని నాకు సర్దిచెప్పింది కూడా. నేను వద్దన్నది లేదు. వద్దన్నది బాపు. బురదలో దిగబడతారన్నాడు, మొసళ్ళు గుంటల్లో పొంచి ఉన్నాయన్నాడు, నిర్మల్ పోయి కొత్త ఇసుర్రాయి తెస్తానన్నాడు. అంత పొడుగు మాటలు ఆయన నోట ఎప్పుడూ వినలేదు. బిడ్డ పెళ్ళి దిగులు అని అవ్వ నవ్వి కొట్టిపారేసింది. ఆయన పడవకు తారు పూయించే పని మీద పోయిన పొద్దున, గంపా చుట్టబట్టా పట్టుకుని మేమిద్దరం బయల్దేరాం.

వండ్రు ఎండి పలకలు పలకలుగా పగిలి ఉంది. ఇప్పచెట్టు దూరం నుంచే కనిపించింది. దగ్గరికి వచ్చేసరికి, పసుపుపచ్చ ముక్కు, చీలిన తోక ఉన్న తెల్లపిట్టలు లేచి మా తలల మీదికి దూకాయి. ఆ పిట్టలు గూడు కట్టవు, ఒట్టి ఇసుకలో గుంట గీసుకుని గుడ్లు పెడతాయి. మా చెలకంతా అవే గుడ్లు. అవ్వ చుట్టబట్ట నెత్తిన కప్పుకుని, ఒక్క గుడ్డును కూడా తొక్కకుండా చూసి చూసి అడుగు వేసింది. వాటి పిల్లలవి, అరవవా మరి అంది.

పైరాయి అంచు వండ్రులోంచి కనబడుతోంది. పక్కకు దొర్లించానన్నాడు కదా, చెట్టు మొదట్లోనే ఉందేమిటని నాకు అనిపించింది. అవ్వకు ఇంకా ఏమీ అనిపించలేదు. కూర్చుని రాయి మీది మన్ను చేతులతో తోసింది. పిడి దూర్చే చోటు మన్నుతో నిండి ఉంటే వేలితో గెలికింది. రాయిని లేపడానికి అంచు చుట్టూ తవ్వబోతే చేతికి ఒక పలుగురాయి తగిలింది. తెల్లగా, కడిగినట్టే ఉంది. దాని పక్కనే ఇంకొకటి. మన్ను తీసింది, ఇంకొకటి. అవ్వ చేతులు నెమ్మదించాయి. మోకాళ్ళ మీద జరుగుతూ రాయి చుట్టూ తిరిగింది. ఎక్కడా ఒక్క పలుగురాయి కదల్లేదు. ఎక్కడా వేలు దూరే సందు లేదు. తాను పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి.

అప్పుడు నాకూ తెలిసిపోయింది. అవ్వ రెండు చేతులూ ఆ రాయి మీద బోర్లించి కూర్చుండిపోయింది. పిట్టలు అరుస్తూనే ఉన్నాయి.

ఇంట్లో గంప కనబడక బాపుకు అర్థమైనట్టుంది. కట్ట వైపు నుంచి పరుగున వచ్చి, మమ్మల్ని చూసి, అంత దూరంలోనే ఆగిపోయాడు. చేతులకు తారు ఇంకా ఉంది. అవ్వ తలెత్తకుండానే అడిగింది.

"నువ్వు తవ్వనే లేదా?"

"పారవట్టుకొని కూసున్న. చేతులు రాలే" అన్నాడు బాపు.

"కుండల ఏముండె?"

"చెల్క మన్ను."

అవ్వ తన ఒడి వైపు చూసుకుంది. బండి మీద ఆ కుండ ఉన్న చోటు. తర్వాత తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. ఆమె మొహం మారిపోవడం నేను కళ్ళారా చూశాను. వాడున్న నీళ్ళలోనే ఆ చేపలు పెరిగాయని ఆమెకు ఆ నిమిషంలోనే తట్టింది.

"అందుకేనా నువ్వు చాపలు ముడుతలేవు?"

బాపు తారు అంటిన చేతుల వైపు చూసుకున్నాడు.

"నువ్వు తినకపోతివి. నన్నెట్ల తిననిస్తివయ్యా?"

ఆమె అరవలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. బాపు ఉన్నచోటే చతికిలబడ్డాడు. చెప్పాలని పూటపూటకూ అనుకున్నాడట. బంతిచెట్లకు నీళ్ళు పోసి నవ్వు మొహంతో వచ్చే మనిషిని చూసి నోరు రాలేదట. చెబితే మళ్ళీ అన్నం మానేస్తుందని భయపడ్డాడట. మాటలు ఒకదానికొకటి అతకకుండా చెప్పుకుంటూ పోయాడు. అవ్వ వినలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగి వాంతి చేసుకుంది. కడుపులో ఏమీ లేకపోయినా చేసుకుంటూనే ఉంది. నేను వీపు పట్టుకున్నాను. ఏళ్ళ తరబడి ఆమె ఆ కంచుడులో ఎంత ప్రేమగా వండిందో, మర్నాటికి రుచి వస్తుందని ఎలా దాచిందో నాకు గుర్తొచ్చింది.

బాపు లేచి దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు తవ్వుతాను, వాణ్ణి తీసుకుపోదాం అని ఒట్టి చేతులతోనే పలుగురాయి మీద చెయ్యి వేశాడు. అవ్వ ఆ చేతిని తీసి పక్కన పెట్టింది.

"వద్దు. గిప్పుడు వాని ముందట నేనేం మొఖం పెట్టుకొని నిలవడాలె?"

తోసిన మన్నంతా మళ్ళీ దోసిళ్ళతో తెచ్చి పలుగురాళ్ళ మీద కప్పింది. నన్ను చెయ్యి వేయనివ్వలేదు, ఆయన్ను దగ్గరికి రానివ్వలేదు. పైరాయి మీద కూడా మన్ను పోసి, అరచేతులతో అణిచి, లేచి నడిచింది. వచ్చేటప్పుడు కూడా పిట్ట గుడ్లు తొక్కకుండా చూసే నడిచింది. ఒట్టి గంపతో ఇంటికి వచ్చాం. నా పెళ్ళి పసుపు పక్కింటి ఇసుర్రాయిలో విసిరారు.

ఆ ఏడు వానలు బాగా కురిశాయి. కట్ట మీద ఊరంతా, పట్నం వాళ్ళంతా నిలబడి కొత్తనీళ్ళను చూసి సంబరపడ్డారట. పొలాలు పారుతాయి, సంబరమే మరి. ఆ రోజు అవ్వ తలుపు మూసుకుని ఇంట్లోనే ఉందని తర్వాత తెలిసింది.

అత్తగారింటి నుంచి మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు ఇంట్లో చేపల కంచుడు లేదు. వలలవాళ్ళు మా ఇంటివైపు రావడం మానుకున్నారు. మోదుగుచెట్టు కింద బంతిపూలు మాత్రం విరగబూసి ఉన్నాయి. అవ్వ పోస్తోందా నీళ్ళు అని అడిగితే పక్కింటామె కాదని తల ఊపింది. మీ బాపు పోస్తున్నాడు అంది. కుండలో ఒట్టి మన్నుందని తెలిసి కూడా ఆయన రోజూ చెంబు పట్టుకుని పోతున్నాడు.

అవ్వ బాపుతో మాట మానలేదు. ఉప్పు అయిపోయిందనేది, ఆవు ఈనేలా ఉందనేది. వేళకు అన్నం పెట్టేది. ఆ మధ్యాహ్నం మా ముగ్గురికీ పచ్చిపులుసు, కందిపప్పు. అవ్వ బాపుకు వడ్డించింది, నాకు వడ్డించింది. తన పళ్ళెం తీసుకుని దర్వాజ దగ్గరికి పోయి, మాకు వీపు పెట్టి, బయటికి చూస్తూ కూర్చుంది. బాపు ఆ వీపు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన పళ్ళెంలో అన్నం కలపలేదు. ఇటు రమ్మని నేను అవ్వను పిలిచాను.

"మీరు తినుండ్రి బిడ్డా" అంది అవ్వ, తిరగకుండానే. "గీడ గాలి మంచిగొస్తది."